ఫ్లాపీ పెట్టినా లేవని కంప్యూటరు

పాత కంప్యూటరుకు కరెంటు ఇస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర వెలుగుతుంది, ఫ్లాపీ డ్రైవు ముందున్న చిన్న దీపం కూడా ఒకసారి వెలిగి ఆరుతుంది. అన్నీ సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తున్నా అది పనిలోకి ఎందుకు రాదు? అటక మీదినుంచో, మూతపడిన డీటీపీ దుకాణం నుంచో, బడిలో సామాన్ల గది నుంచో పాత యంత్రాన్ని దించినవారు మొదట అడిగే ప్రశ్న ఇదే. దీనికి ఎక్కువమంది చెప్పే సమాధానం "ఫ్లాపీ పోయింది" అన్నది. కొన్నిసార్లు అది నిజమే అయినా, పరీక్షించకుండా ఆ మాట నమ్మి పారేసిన ఫ్లాపీల్లో చదవగలిగినవి ఎన్నో ఉంటాయి. వాటిలోని సమాచారానికి మరో ప్రతి ఎక్కడా లేకపోవచ్చు కూడా.

జవాబు వెతికే పద్ధతి నందికొండ చుట్టుపక్కల రైతులకు కొత్తది కాదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలిన అక్కడి నాగార్జునసాగర్ డ్యాం నుంచి ఎడమ కాలువలోకి దిగిన నీరు నేరుగా మడిలోకి రాదు. ప్రధాన కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి మైనరుకు, అక్కడి తూము నుంచి పంట కాలువకు మళ్లి, చివరికి మడికి చేరుతుంది. చివరి ఆయకట్టు ఎండినప్పుడు అనుభవమున్న రైతు డ్యాం గేట్లను నిందిస్తూ కూర్చోడు, కాలువ గట్టు వెంట పైకి నడుస్తూ ఎక్కడివరకు నీరు వచ్చింది, ఎక్కడినుంచి రాలేదు అని చూస్తాడు. గండి పడినా, పూడిక చేరినా, తూము మూసుకుపోయినా ఆ రెంటి మధ్యనే దొరుకుతుంది. కంప్యూటరు మేలుకోవడం కూడా ఒక దశ తరువాత మరొక దశగా సాగే పనే కనుక, అది ఏ దశ వరకు వచ్చి ఆగిందో తెలిస్తే విప్పదీయవలసిన చోటు ఒక్కటే మిగులుతుంది. ఈ అధ్యాయమంతా ఆ గట్టు వెంట నడకే.

మీట నొక్కిన తరువాత

కరెంటు అందిన క్షణాన కంప్యూటరు గణన యంత్రమైన ప్రాసెసరుకు ఏమీ తెలియదు, దాని తాత్కాలిక జ్ఞాపకం ఖాళీగా ఉంటుంది. 1960ల చివర, 1970ల మొదట్లో వాడిన చిన్న కంప్యూటర్లలో ఈ ఇబ్బందిని మనిషే తీర్చేవాడు: ముందు పలక మీది మీటలను ఒక్కొక్కటిగా పైకీ కిందికీ వేసి తొలి ఆదేశాలను చేతితో ఎక్కించి, ఆ తరువాత చిల్లుల కాగితపు పట్టీని చదివించేవాడు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే అందరూ ఈసీఐఎల్ అనే సంస్థ, ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 తో 1969లో కంప్యూటర్ల తయారీలోకి దిగింది ఆ కాలంలోనే. తరువాత వచ్చిన వ్యక్తిగత కంప్యూటర్లు ఆ తొలి ఆదేశాలను కరెంటు పోయినా చెరగని ఒక చిప్‌లో శాశ్వతంగా రాసిపెట్టుకున్నాయి. దాని పేరు బయాస్.

బయాస్ మొదట ఇల్లు చూసుకుంటుంది. జ్ఞాపకం, కీబోర్డు, తెర, డ్రైవులు పలుకుతున్నాయా అని తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీలో భాగంగానే చాలా యంత్రాల్లో ఫ్లాపీ డ్రైవు చదివే తలను అంచువైపు చివరిదాకా లాగి చూస్తుంది, బయటికి వినిపించే గుర్రుమనే చప్పుడు అదే. తనిఖీ ముగిశాక ఫ్లాపీలోని మొట్టమొదటి ఖండాన్ని మాత్రం చదివి, దానిని జ్ఞాపకంలో ఒక నిర్ణీత స్థానంలో పెట్టి, పెత్తనాన్ని దానికి అప్పగించి తాను తప్పుకుంటుంది.

ఖండమంటే ఏమిటో చెప్పుకోవాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో ఐరన్ ఆక్సైడ్ వంటి అయస్కాంత పదార్థం పూసిన పలుచని పాలిస్టర్ బిళ్ల ఉంటుంది. దాని మీద ఒక్కో వైపున 80 వలయాలు, ఒక్కో వలయంలో 18 ఖండాలు, ఒక్కో ఖండంలో 512 బైట్లు, అంటే దాదాపు 512 అక్షరాలకు సరిపడా చోటు ఉంటాయి. రెండు వైపులా కలిపితే ఖండాలు 2,880, బైట్లు 14,74,560. అట్ట మీద 1.44 ఎంబీ అని రాసేది ఈ లెక్కనే. ఈ 2,880 ఖండాల్లో మొదటిదాన్ని బూట్ సెక్టారు అంటారు. తెలుగులో మేలుకొలుపు ఖండం అనవచ్చు. మిగిలిన 2,879 నిక్షేపంగా ఉన్నా ఈ ఒక్కటి చెడితే ఆ ఫ్లాపీతో కంప్యూటరు లేవదు.

మేలుకొలుపు ఖండంలోని చిన్న కార్యక్రమం అదే ఫ్లాపీలో డాస్ అనే నిర్వహణ వ్యవస్థకు చెందిన ఐఓ డాట్ సిస్, ఎంఎస్‌డాస్ డాట్ సిస్ అనే రెండు దస్త్రాలను వెతికి ఎక్కిస్తుంది. అవి కమాండ్ డాట్ కామ్ అనే మూడో దస్త్రాన్ని పిలుస్తాయి. తెర మీద ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం, పక్కన కోలన్, ఆ తరువాత మెరిసే గీత కనిపిస్తే కంప్యూటరు లేచినట్టు.

తెర మీది మాట ఎవరిది?

ఫ్లాపీతో కంప్యూటరు లేవనప్పుడు తెర మీద వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని చాలామంది సరిగా చదవకుండానే యంత్రాన్ని ఆపేస్తారు. లోపం ఏ దశలో ఉందో అంత చవకగా చెప్పే సాక్షి ఇంకొకటి లేదు, ఎందుకంటే ఒక్కో వాక్యాన్ని రాసేది ఒక్కో దశలోని కార్యక్రమం.

"నాన్ సిస్టం డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్" అన్న వాక్యాన్ని తీసుకుందాం. ఇది బయాస్ చెప్పే మాట కాదు, ఫ్లాపీలోని మేలుకొలుపు ఖండమే చెప్పే మాట. ఆ వాక్యంలోని అక్షరాలు ఫ్లాపీ మీద, ఆ 512 బైట్లలోనే రాసి ఉంటాయి. కనుక అది తెర మీదికి వచ్చిందంటే డ్రైవు తిరిగింది, తల చదివింది, తీగలు సమాచారాన్ని మోశాయి, బయాస్ పెత్తనం అప్పగించింది అని అర్థం. చాలామందిని భయపెట్టే ఈ వాక్యం నిజానికి యంత్రంలో చాలా భాగం బాగుందని ఇచ్చే ధ్రువపత్రం. ఇక లోపం ఉంటే ఆ రెండు సిస్టం దస్త్రాల దగ్గరే: అవి ఫ్లాపీలో లేకపోవచ్చు, లేదా అవి ఉన్న ఖండాలు చెడి ఉండవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యంత్రంలో హార్డ్ డిస్కు కూడా ఉంటే ఇదే వాక్యం దాని మేలుకొలుపు ఖండం నుంచీ రావచ్చు కాబట్టి, కరెంటు తీసి హార్డ్ డిస్కు తీగను ఊడదీసి మరోసారి చూస్తే సందేహం తీరుతుంది.

"డిస్క్ బూట్ ఫెయిల్యూర్, ఇన్సర్ట్ సిస్టం డిస్క్ అండ్ ప్రెస్ ఎంటర్" అని వస్తే అది అవార్డ్ సంస్థ బయాస్ మాట, దాని అర్థం పూర్తిగా వేరు: మేలుకొలుపు ఖండం తన చేతికి అందలేదు, అందినా పనికివచ్చేలా లేదు అని. లోపం ఇంకా పైననే, డ్రైవులోనో తీగలోనో అమరికలోనో లేక ఆ మొదటి ఖండంలోనో ఉంది. అమెరికన్ మెగాట్రెండ్స్ బయాస్ ఉన్న కొన్ని పాత యంత్రాలు ఇదే సంగతిని "నో రోమ్ బేసిక్, సిస్టం హాల్టెడ్" అని చెబుతాయి. 1981 నాటి ఐబీఎం పీసీకి ఫ్లాపీ దొరక్కపోతే తన చిప్‌లోనే ఉన్న బేసిక్ భాషలోకి వెళ్లే ఏర్పాటు ఉండేది. దాన్ని అనుకరించి చేసిన యంత్రాల్లో ఆ భాష లేకపోయినా ఆ దారి మిగిలిపోయింది, అందుకే ఈ వింత వాక్యం.

మూడోది "బ్యాడ్ ఆర్ మిస్సింగ్ కమాండ్ ఇంటర్‌ప్రిటర్". ఇది వచ్చిందంటే మొదటి రెండు దస్త్రాలు కూడా ఎక్కాయి, కమాండ్ డాట్ కామ్ ఒక్కటే దొరకలేదు, లేదా వేరే కాలపు డాస్ నుంచి తెచ్చినది కావడంతో మిగిలినవాటితో పొసగలేదు. అదే డాస్‌కు చెందిన ఫ్లాపీ నుంచి ఆ దస్త్రాన్ని నకలు చేస్తే సరిపోతుంది. మొదటి రెండు దస్త్రాలను మాత్రం మామూలు కాపీ ఆదేశంతో తెస్తే పని జరగదు, అవి తమకు కేటాయించిన స్థానంలోనే ఉండాలి; వాటికోసం సిస్ అనే ఆదేశాన్ని గాని, ఫార్మాట్ ఆదేశానికి స్లాష్ ఎస్ చేర్చి గాని వాడాలి. మామూలుగా ఫార్మాట్ చేసిన ఫ్లాపీలో దస్త్రాలు వేసి "ఇది బూట్ ఫ్లాపీ" అని చీటీ అంటించిన సందర్భాలే ఈ సమస్యలో పెద్ద వాటా.

బ్యాటరీ మరిచిపోయిన సంగతులు

ఏ డ్రైవును ముందు చూడాలి, అందులో ఎంత సామర్థ్యమున్న ఫ్లాపీ పడుతుంది, ఈ రోజు తేదీ ఎంత అన్న వివరాలను కంప్యూటరు సీమాస్ అనే చిన్న జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. కరెంటు లేనప్పుడు దానిని నిలబెట్టేది బొత్తాం బ్యాటరీ, సాధారణంగా 3 వోల్టుల సీఆర్ 2032. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రంలో ఈ బ్యాటరీ అయిపోయి ఉండడం దాదాపు ఖాయం. అప్పుడు తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్" అన్న మాట వస్తుంది, కొన్ని యంత్రాలు తమకు ఫ్లాపీ డ్రైవు ఉన్న సంగతినే మరిచిపోతాయి.

కొత్త బ్యాటరీ వేసి, ఆరంభంలో డిలీట్ మీట గాని, తెర చెప్పే మరో మీట గాని నొక్కి సెటప్‌లోకి వెళ్లి రెండు విషయాలు సరిచూడాలి: ‘ఏ’ డ్రైవు, అంటే మొదటి ఫ్లాపీ డ్రైవు, రకం 1.44 ఎంబీగానో, పాత అయిదుంపావు అంగుళాల డ్రైవైతే 1.2 ఎంబీ లేదా 360 కేబీగానో నమోదైందా, బూట్ వరుసలో ‘ఏ’ డ్రైవు హార్డ్ డిస్కు కంటే ముందుందా అని. వరుస తారుమారైనప్పుడు ఫ్లాపీలో ఏ లోపం లేకపోయినా కంప్యూటరు దాని వైపు చూడదు. ఇంకా పాతవైన పీసీ, ఎక్స్‌టీ యంత్రాల్లో సీమాస్ ఉండదు, మదర్‌బోర్డు మీది చిన్న స్విచ్చులే డ్రైవుల లెక్క చెబుతాయి. 1984 నాటి ఐబీఎం ఏటీలో సెటప్ కార్యక్రమం చిప్‌లో కాక వేరొక ఫ్లాపీలో ఉండేది.

1990ల తొలి సగంలోని చాలా మదర్‌బోర్డుల మీద బొత్తాం బ్యాటరీకి బదులు 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ, చిన్న నీలిరంగు గొట్టంలా, బోర్డుకే టంకం పెట్టి ఉంటుంది. వయసు మీరితే అది కారుతుంది. కారిన క్షార ద్రవం పక్కనున్న సన్నని రాగి గీతలను పచ్చగా తినేస్తుంది. అలాంటి యంత్రాన్ని తెరిచినవారు ఫ్లాపీ సంగతి పక్కన పెట్టి ముందు ఆ బ్యాటరీని తీయించాలి, లేకపోతే బోర్డే మిగలదు.

తీగ, తల, దుమ్ము

దీపం ప్రవర్తన కూడా సాక్ష్యమే. కరెంటు ఇచ్చింది మొదలు ఫ్లాపీ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే డ్రైవుకు వెళ్లే వెడల్పాటి తీగ తిరగబడిందని అర్థం. ఒకసారి విప్పి మళ్లీ పెట్టినవారు చేసే పొరపాటు ఇది. ఆ పట్టీ అంచున రంగు గీత ఉన్న తీగ కనెక్టరులో ఒకటో నంబరు పిన్ను వైపు రావాలి. 34 తీగల ఆ పట్టీలో 10 నుంచి 16 వరకు ఉన్న 7 తీగలను ఒకచోట మెలితిప్పి ఉంచుతారు. మెలిక తరువాత తగిలించిన డ్రైవు ‘ఏ’ డ్రైవు, మెలికకు ముందు తగిలించినది ‘బీ’ డ్రైవు అవుతుంది. ఒకే డ్రైవు ఉన్న యంత్రంలో దానిని పొరపాటున ముందరి కనెక్టరుకు తగిలిస్తే అది బీ అయి కూర్చుంటుంది, ఆ తరం బయాస్‌లు మామూలుగా బీ నుంచి మేలుకోవు. దీపం అసలే వెలగకపోతే విద్యుత్తు తీగను చూడాలి. మల్టీమీటరు ఉంటే నలుపు, ఎరుపు తీగల మధ్య 5 వోల్టులు, నలుపు, పసుపు తీగల మధ్య 12 వోల్టులు రావాలి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎవరూ తెరవకూడదు. కరెంటు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును పట్టి ఉంచుతాయి.

దీపం సరిగా వెలిగి, తల కదిలే చప్పుడు పదేపదే వచ్చి, ఆ తరువాత లోపమని చెబితే తల చదవలేకపోతున్నదని అనుకోవచ్చు. హార్డ్ డిస్కులో తల బిళ్లకు తగలకుండా గాలిలో తేలుతుంది. ఫ్లాపీలో అలా కాదు, నిమిషానికి 300 సార్లు తిరిగే బిళ్లను రెండు తలలు రెండు వైపులా తాకుతూనే ఉంటాయి. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో ఒక వలయానికి, పక్క వలయానికి మధ్య దూరం 0.19 మిల్లీమీటరు లోపే. తల మీద పేరుకున్న సన్నని దుమ్ము పొర కూడా అయస్కాంత గుర్తులను అందకుండా చేస్తుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వేసవి గాలిలో ఆ దుమ్ముకు కొదవ లేదు.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ అనే ద్రవం, వాడాలి. నూలు వదలని స్వాబ్‌ను కొద్దిగా తడిపి కింది తలను మెల్లగా తుడిస్తే గోధుమరంగు మరక దానికి అంటుకు వస్తుంది, అది గతంలో వాడిన ఫ్లాపీల నుంచి రాలిన పూత. పై తల సన్నని స్ప్రింగు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి దానిని ఎత్తి పట్టుకుంటే స్థానం తప్పుతుంది. ఉన్నచోటనే, దూది పట్టేంత సందులోనే తుడవాలి. కిరోసిను, థిన్నరు దగ్గరికి కూడా రానీయరాదు.

శుభ్రం చేసినా చదవకపోతే మరో డ్రైవులో రాసిన ఫ్లాపీని పెట్టి చూడాలి. తన సొంత ఫ్లాపీలను చదువుతూ, పరాయివాటిని చదవని డ్రైవు ఉంటే దాని తల వలయాల గీత మీది నుంచి కొద్దిగా పక్కకు జరిగిందన్నమాట. అలాంటి డ్రైవును వెంటనే పారేయకూడదు, అది రాసిన పాత ఫ్లాపీలను చదవగలిగేది అదొక్కటే కావచ్చు.

ఫ్లాపీ మీద బూజు

యంత్రం నిర్దోషి అని తేలాకే ఫ్లాపీ వైపు రావాలి. లోహపు తలుపును వేలితో పక్కకు జరిపి, వెనుకనున్న ఇరుసును నెమ్మదిగా తిప్పుతూ వెలుతురులో ఏటవాలుగా చూస్తే, బాగున్న బిళ్ల నల్లగా, గీతలు లేకుండా, ఒకే రకంగా మెరుస్తుంది. తెల్లని మచ్చలు, పొగమంచు పట్టినట్టున్న మసక కనిపిస్తే అది బూజు. జలాశయం ఒడ్డున వానాకాలపు తేమ, ఆ వెనుకే మే నెలలో 44, 45 డిగ్రీల దాకా ఎక్కే ఎండ, రెండింటి మధ్య ఏళ్ల తరబడి అటక మీద ఉన్న ఫ్లాపీకి బూజు పట్టడంలో ఆశ్చర్యం లేదు. అలాంటి ఫ్లాపీని డ్రైవులో పెట్టడం ప్రమాదం: బూజు తలకు అంటుకుంటుంది, ఆ తల తరువాత పెట్టిన మంచి ఫ్లాపీని గీకేస్తుంది. ఒక చెడ్డ ఫ్లాపీతో పది మంచి ఫ్లాపీలు పోయేది ఇలాగే.

మచ్చ లేకపోయినా అది ఏ రకం ఫ్లాపీ అన్నది చూడాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి రెండు మూలల్లో రెండు రంధ్రాలుంటే 1.44 ఎంబీ, ఒకటే ఉంటే 720 కేబీ. ఖర్చు తగ్గించుకోవడానికి 720 కేబీ ఫ్లాపీలకు రెండో రంధ్రం పొడిచి 1.44 గా వాడుకోవడం ఒకప్పుడు లోకమంతటా ఉన్న అలవాటు. రెండు రకాల పూతలకు కావలసిన అయస్కాంత బలం వేరు కాబట్టి అలా రాసినది కాలక్రమంలో నమ్మరానిదవుతుంది. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీల్లో చిక్కు మరో రకం. 1.2 ఎంబీ డ్రైవు తల సన్నది, 360 కేబీ డ్రైవు తల వెడల్పైనది. పాత 360 కేబీ ఫ్లాపీ మీద 1.2 ఎంబీ డ్రైవుతో తిరగరాస్తే వెడల్పాటి పాత వలయం మధ్యలో సన్నని కొత్త గీత పడి, అంచుల్లో పాత సమాచారం మిగులుతుంది. ఆ ఫ్లాపీని 360 కేబీ డ్రైవులో పెడితే అది రెంటినీ కలిపి చదివి ఏదీ అర్థం కాక ఆగిపోతుంది.

నకలు తీయడం

మేలుకొలుపు ఖండం స్వయంగా ఒక కార్యక్రమం కాబట్టి దానిలో వైరసు చేరగలదు. 1986లో లాహోరులోని అన్నదమ్ములు బాసిత్ ఫారూఖ్ అల్వీ, అమ్జద్ ఫారూఖ్ అల్వీ రాసిన బ్రెయిన్, పీసీ వైరసుల్లో మొట్టమొదటిది, సరిగా ఈ ఖండంలోనే కాపురం పెట్టింది. 1992 మార్చి 6న ప్రపంచమంతా భయపడిన మైకెలాంజెలో కూడా ఇక్కడిదే. సిస్టం దస్త్రాలు లేని మామూలు ఫ్లాపీని డ్రైవులో మరిచిపోయి కంప్యూటరును ఆన్ చేసినా, "నాన్ సిస్టం డిస్క్" అన్న మాట చెప్పే చోటనే ఉన్న వైరసు హార్డ్ డిస్కుకు పాకేది. ముప్పై ఏళ్ల నాటి ఫ్లాపీల్లో అవి ఇంకా ఉండగలవు గనుక తెలియని ఫ్లాపీతో మేలుకొలిపే ముందు హార్డ్ డిస్కు తీగ ఊడదీయడం మంచిది.

ఫ్లాపీలోని సమాచారమే ముఖ్యమైనవారు యంత్రాన్ని మేలుకొలపడం కంటే నకలు తీయడం మీద దృష్టి పెట్టాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలనున్న చిన్న జారుడు పలకను జరిపి రంధ్రం తెరిస్తే దాని మీద ఏదీ రాయడం కుదరదు, ముందు ఆ పని చేయాలి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవుతో ఇప్పటి కంప్యూటరులోనే, లినక్స్‌లోని డీడీ ఆదేశం వంటిదానితో, మొత్తం ఫ్లాపీని ఒకే దస్త్రంగా దించవచ్చు. 1.44 ఎంబీ ఫ్లాపీ అయితే ఆ దస్త్రం పరిమాణం కచ్చితంగా 14,74,560 బైట్లు వస్తేనే నకలు పూర్తయినట్టు. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలకు పాత డ్రైవును గ్రీజ్‌వీజిల్ వంటి చిన్న పరికరానికి తగిలించి, అయస్కాంత గుర్తులను ఉన్నవి ఉన్నట్టు దింపుకోవాలి. కొత్త బూట్ ఫ్లాపీ కావలసినవారికి 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఫ్రీడాస్ ఉచితంగా దొరుకుతుంది. డ్రైవే పోయినచోట పెన్ డ్రైవును ఫ్లాపీగా చూపించే గోటెక్ అనే పరికరాన్ని అదే తీగకు తగిలించవచ్చు.

డీటీపీ దుకాణాల ఫ్లాపీల్లో ఇంకొక చిక్కు ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగును ఆయా సంస్థల సొంత ఫాంట్లలో కూర్చేవారు, ఆ ఫాంటు లేకుండా దస్త్రం తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అది చూసి దస్త్రం చెడిందనుకుని చెరిపేయకూడదు. ఆ కంప్యూటరు హార్డ్ డిస్కులోని ఫాంట్లను కూడా నకలు తీసి పక్కన భద్రపరిస్తే గ్రామ చరిత్రలు, కవితా సంకలనాలు, చిన్న పత్రికల పాత సంచికలు మళ్లీ తెలుగుగా మారతాయి.

ఫ్లాపీల ప్రధాన తయారీదారైన సోనీ 2011 మార్చిలో వాటి అమ్మకాలను ఆపేసింది. ఇంట్లో, కార్యాలయంలో, గ్రంథాలయంలో ఫ్లాపీల పెట్టె ఉన్నవారు వచ్చే వేసవికి ముందే దానిని తెరిచి, బూజు పట్టినవాటిని వేరు చేసి, మిగిలిన ప్రతిదానికీ నకలు తీయించాలి.